హోల్డ్ అన్న మాట

పోయిన వారం మా దీవిలో, జంగ్లీఘాట్‌లోని మా తెలుగు చర్చిలో, ఈమధ్యే కన్నుమూసిన బావ కోసం ఆదరణ కూటం పెట్టారు. బావ అంటే మా అక్క భర్త, ఓడల్లోంచి సరుకు ఎత్తి జెట్టీ మీదికి దించే వించ్ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయనతో కలిసి పనిచేసిన పెద్దాయన ఒకరు లేచి, బొమ్మ హెలికాప్టర్ దగ్గర ఒక్కసారి చెయ్యి తప్పినందుకు, ఎవరూ అడగకుండానే వించ్ వదులుకున్న నిజాయితీపరుడని బావను మెచ్చుకున్నాడు. లోడు కింద మనుషులుంటారు, నా చేతిని నేనే నమ్మలేకపోతున్నాను అన్నాడట బావ. పాస్టరుగారు కూడా ఆ మాటే అందుకుని ప్రార్థన చేశారు. ముందు వరసలో అక్క పక్కన కూర్చున్న నేను తల వంచుకున్నాను. చూసినవాళ్ళు దుఃఖమనుకుని ఉంటారు. దుఃఖం ఉంది గాని, తల వంచింది సిగ్గు. ఆ రోజు బావ చెయ్యి తప్పలేదు.

మా తరంలో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవాడికి పేటలో ఎంత మర్యాద ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఆఫీసులో ఉత్తరాలు రాసే గుమాస్తాను కనుక, మందు సీసాతో వచ్చిన చీటీ నుంచి ఓడ టికెట్టు ఫారం దాకా అన్నీ నా దగ్గరికే తెచ్చేవారు. ఆ మర్యాదకు నేను బాగా అలవాటు పడ్డాను. అందుకే బావ చెన్నై వెళ్ళినప్పుడు ఎవరో వాడి వదిలేసిన బొమ్మ హెలికాప్టర్ తెచ్చుకుని, దాని పుస్తకం నా చేతిలో పెడితే నాకేమీ వింతగా అనిపించలేదు. రేవు మీదుగా హెలికాప్టర్ వెళ్తుంటే చెప్పే మాట మధ్యలో ఆపి, అది కనబడకుండా పోయేదాకా చూసే మనిషి ఆయన.

దాన్ని నడిపే రేడియో పెట్టెకు రెండు పుల్లలు, చుట్టూ చిన్న చిన్న స్విచ్చులు, అగ్గిపెట్టెంత తెర ఉండేవి. హెలికాప్టర్ పైకి లేవగానే బరువు పడి రెక్కల వేగం తగ్గేది. అలా తగ్గకుండా ఉండాలంటే ఏ దశలో మోటారు ఎంత శాతం తిరగాలో ఆ తెర మీద అంకెలు పెట్టాలి. మూడు సాయంత్రాలు బావ ఇంటి వరండాలో అదే పని. నేను పుస్తకం చదివి అంకె మార్చేవాణ్ణి, ఆయన కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. గొంతు దిగిపోతోంది, కొంచెం పెంచు అనేవాడు. ఆయన చెవికి తోచిన అంకే చివరికి సరిపోయేది. డెబ్బై దగ్గర చప్పుడు నిలకడగా ఆగింది. అక్క ఇచ్చిన టీ రెండుసార్లు చల్లారిపోయింది. అంత సంతోషంగా ఇద్దరం కలిసి ఇంకే పనీ చేయలేదు.

ఇక థ్రాటిల్ హోల్డ్ అనే స్విచ్చు ఒక్కటే మిగిలింది. థ్రాటిల్ అంటే మోటారు వేగం, హోల్డ్ అంటే పట్టి ఉంచడం, కాబట్టి వేగాన్ని ఉన్నచోట పట్టి ఉంచే స్విచ్చు అనుకున్నాను. మేము కోరుకున్నదీ అదే కదా. శీర్షిక కింద రాసినది చదవకుండానే అక్కడా డెబ్బై పెట్టి, బావకు అదే చెప్పాను.

ఆయన ఒప్పుకోలేదు. "అరె బామ్మర్దీ, హోల్డ్ అంటే రుకో కదరా. జెట్టీ మీద హోల్డ్ అన్నామంటే లోడు గాల్లో ఎక్కడిదక్కడ ఆగిపోవాల."

"అది నీ వించ్ భాష బావా, ఇది ఇంగ్లీషు" అన్నాను.

"ఠీక్ హై దొరగారూ, మీరెంత చెబితే అంత" అని నవ్వేశాడు.

మర్నాడు బ్రూక్షాబాద్‌లో మా ఇంటి వెనక మైదానానికి ఇద్దరమే వెళ్ళాం. హెలికాప్టర్ చక్కగా లేచింది, తల ఎత్తున కాసేపు నిలబడింది. దించేటప్పుడు గడ్డి గుబురులో ఒక కాలు దిగబడి పక్కకు ఒరిగింది. రెక్కలింకా నెమ్మదిగా తిరుగుతున్నాయి, నేలకు తగిలి విరిగిపోతాయని నాకు భయం వేసింది. అప్పుడు నా నోటి నుంచే వచ్చింది.

"బావా, హోల్డ్ చెయ్యి."

ఆపమనే నా అర్థం. చిన్నప్పటి నుంచి రేవు పక్కన పెరిగినవాణ్ణి, నాకు మాత్రం ఇంకేం వస్తుంది? బావ కుడిచేతి బొటనవేలు సరిగ్గా ఆ స్విచ్చే వేసింది. ఆగిపోతుందని నమ్మి ఎడమ చెయ్యి తోక మీదికి చాచాడు. ఆగాల్సిన రెక్కలు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి. హెలికాప్టర్ ఎగిరిపడి ఆయన అరచేతిని అడ్డంగా కోసేసింది.

ఆసుపత్రిలో కుట్లు వేశాక ఆయన్ను అక్క దగ్గర వదిలి, నేను ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. ఆ శీర్షిక కింద రెండే వాక్యాలున్నాయి. ఈ స్విచ్చు వేస్తే మోటారు పూర్తిగా ఆగాలని, అక్కడ సున్నా పెట్టాలని. నేను పెట్టెలో డెబ్బైని సున్నా చేశాను. నిమిషం పట్టలేదు.

మర్నాడు బావ అడిగాడు. "బామ్మర్దీ, నే వేసింది హోల్డే కదా?"

"కాదు బావా, కంగారులో పక్కది వేశావు."

హోల్డ్‌కు నువ్వు వేగం పెట్టానన్నావు కదా అన్నాడు. ఎగరేయకముందే నీ మాటే సరైనదని తెలిసి మార్చేశాను, చెప్పడం మరిచానన్నాను. పెట్టె తెప్పించుకుని, రెక్కలు విప్పించి, వరండాలో మోటారు తిప్పి ఆ స్విచ్చు వేసి చూశాడు. ఆగింది. చాలాసార్లు వేసి చూశాడు, ప్రతిసారీ ఆగింది. చివరికి పెట్టె పక్కన పెట్టి, కట్టు లేని కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "అయితే నా చెయ్యేరా" అన్నాడు.

గాయం మానింది. జెట్టీలో ఆయన స్థానం ఆయనకే ఉంచారు. ఆయనే వద్దని చెప్పి, తాళ్ళు భద్రపరిచే గదిలో పనికి మారి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ గది కిటికీలోంచి వించ్ కనబడుతుంది. ఏ రోజైనా వెళ్ళి చెప్పవచ్చు. రేపు చెబుదామనుకుంటూనే పదేళ్ళకు పైగా గడిపాను. పైగా ఆయన పదిమందిలో, మా బామ్మర్ది చదివి చెప్పాడంటే తప్పు ఉండదు అనేవాడు.

కూటం అయిన మర్నాడు అక్కకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. మీ బావ గ్యాసు ఆపి, ఆపానా లేదా అని మూడుసార్లు చూసుకునేవారురా, ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు అంది. మళ్ళీ తనే అంది. "నాకు చెప్పావు, బస్. నిన్న ఆ మాట విన్నోళ్ళందరికీ ఎవరు చెబుతారు?"

నోటితో చెప్పలేక ముందు కాగితం మీద పెడుతున్నాను. ఒకప్పుడు మా చర్చిలో ప్రతి ఒడిలోనూ తెలుగు పాటల పుస్తకం తెరిచి ఉండేది. ఇప్పటి పిల్లలు ఆ పాటలే పాడతారు గాని, ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతారు. మా రోజుల్లో నేను చదివి చెబితే విన్నవాళ్ళు ఇంగ్లీషు రానివాళ్ళు. ఇప్పుడు నేను రాసుకుంటుంటే చూసేవాళ్ళు తెలుగు చదవలేనివాళ్ళు.

ఇందాక అక్క మనవరాలు వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసి, ఏం రాస్తున్నావు తాతా, చదివి సునావో నా అంది. ఏదో ఆఫీసు కాగితమమ్మా అన్నాను. రిటైరై ఇన్నేళ్ళయ్యాక నాకు ఆఫీసు కాగితమేమిటని ఆ పిల్ల అడగలేదు. అచ్చం వాళ్ళ తాతలాగే నమ్మేసి వెళ్ళిపోయింది.