స్క్విడ్‌కి మూడు గుండెలు

నా చిన్నప్పుడు మా చెల్లికి గుండె జబ్బని గుంటూరు పెద్దాసుపత్రిలో తేల్చారు. నాలుగడుగులేస్తే ఆయాసం, పెదాలు నీలం. చేసేదేం లేదని ఇంటికి పంపేశారు. మా అమ్మానాన్నా మిరప చేను పాలేరుకొదిలేసి, ఎవరేం చెబితే అక్కడికి మొక్కులకని తిరిగారు. ఇంటికొచ్చినవాళ్ళంతా నాకేసి చూడకుండా "తగ్గిపోద్దిలే" అనేవాళ్ళు.

చీరాల కాలేజీలో జువాలజీ చెప్పే మా మావయ్య ఒకసారి నన్ను తన వెంట తీసుకెళ్ళాడు. ల్యాబులో స్టూలెక్కించి ఒక గాజు సీసా చూపించాడు. అందులో జాలర్లు తెచ్చిచ్చిన స్క్విడ్ అనే సముద్రపు జీవి. చేతులన్నీ తలకే మొలిచినట్టు, పాలిపోయి ఉంది. దీని చుట్టాలు ఎండ చొరని లోతుల్లో ఉంటాయనీ, కొన్ని ఒంట్లోంచే వెలుతురు పుట్టించుకుంటాయనీ చెప్పాడు. అన్నిటికన్నా పెద్దదాన్ని ఆ లోతులో బతికుండగా అప్పటిదాకా చూసినవాళ్ళే లేరట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల వల్లా, తిమింగలాల పొట్టలో అరక్కుండా మిగిలిన, చిలకముక్కులాంటి నోటి పెంకుల వల్లా అదొకటుందని తెలిసిందట. నెత్తురు నీలమట. గుండెలు మూడట.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఒకటి ఆగిపోయినా బతుకుద్దిగా మావయ్యా?"

నేనెవరి కోసం అడిగానో ఆయనకు తెలుసు. ఔననేస్తే సరిపోయేది. కానీ "లేదమ్మా. రెండేమో మొప్పలకి నెత్తురు తోడతాయి, ఒకటి ఒంటికి. దేని పని దానిదే. ఏదాగినా బతకదు" అన్నాడు.

"మరి చెల్లి?"

"చెల్లి కూడా ఎక్కువ కాలం ఉండదమ్మా."

నన్ను స్టూలు దించి, ఏడ్చినంతసేపూ పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఊరుకోమనలేదు. చివరికి, "ఇంటికెళ్ళి దాంతో ఆడుకో తల్లీ" అన్నాడు.

ఆడుకున్నాను. బడి మానేసి దాని మంచం పక్కనే ఉన్నాను. అడిగినప్పుడల్లా జడ వేశాను, విప్పి మళ్ళీ వేశాను. మిరప కోతలు మొదలయ్యేసరికి అది పోయింది. ఏడుపు నాకేమీ తగ్గలేదు. కానీ మా అమ్మ మాత్రం, "తగ్గిపోద్దనుకున్నానే, దాన్ని ఒళ్ళో కూడా సరిగ్గా పెట్టుకోలేదే" అని బతికినన్నాళ్ళూ కుమిలింది.

ఈ వయసులో నావాళ్ళు ఒక్కొక్కరే మంచాన పడుతున్నారు. చూడ్డానికెళ్తే, తగ్గిపోతుందన్న మాట నా నోటికి రాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ళు పొమ్మనేదాకా కూర్చుంటాను.