ఆంటీ వాళ్ళ నాన్న

మా పక్కింటి ఆంటీ పోయారు. మంగళవారం ఉదయం ఆవిడ చెల్లెలి కొడుకు కంచె అవతల నిలబడి చెప్పాడు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారు. అంతకంటే ఏం కావాలి?

మేం మన దేశం వదిలి ఈ టార్నీట్‌కి వచ్చిన కొత్తలో, ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుతుండగా ఆవిడ మా తలుపు కొట్టారు. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని ఈ దేశం తలుచుకునే రోజు అది. మా ఆవిడ చేతిలో రోజ్‌మేరీ రెమ్మ ఒకటి పెట్టారు. దాన్ని గుండెల మీద గుచ్చుకోవాలి. మా ఆవిడకి ఆ సంగతి తెలియదు. వాసన చూసి, "ఏవండీ, అచ్చం దవనంలా లేదూ!" అంటూ జడలో తురుముకుంది.

నేను కంగారుగా సర్దిచెప్పబోయాను. ఆంటీ ఆపారు.

"ఉండనివ్వు డార్లింగ్. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. కుర్రాడు కదా!"

ఆ కుర్రాడు పదాతి దళంలో సిపాయి. న్యూగినీ అడవుల్లో జపాన్ సైన్యంతో పోరాడుతూ చనిపోయాడు. అప్పటికి ఆంటీ ఇంకా తల్లి కడుపులోనే ఉన్నారు. వాళ్ళ హాల్లో అతని ఫోటో ఉండేది. "నాకిప్పుడు ఈయన్ని మందలించే వయసొచ్చింది" అని నవ్వేవారు.

ఒకటే దిగులు ఆవిడకి. వాళ్ళమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత పుట్టినవాళ్ళకి అతనితో చుట్టరికం లేదు. ఆంటీకి పిల్లలు లేరు. "నేను పోతే మా నాన్న ఎవరికీ ఏమీ కాడు" అన్నారొకసారి.

ఏటా ఆ రోజున రెండు రెమ్మలు తెచ్చేవారు. ఒకటి నా చొక్కాకి, ఒకటి మా ఆవిడ జడకి. మా ఆవిడ పోయాక కూడా రెండే తెచ్చారు. రెండోది ఆమె ఫోటో ముందు పెట్టి, తిన్నగా వంటింట్లోకెళ్ళి కెటిల్ పెట్టారు.

"దుఃఖం వస్తే టీ ఇచ్చి పంపెయ్యాలి. భోజనానికి కూర్చోబెట్టావో, ఇక కదలదు."

ఆ మాటకి చాలా రోజుల తర్వాత నవ్వాను.

అంత్యక్రియలయ్యాక చెల్లెలి కొడుకు సిపాయి ఫోటో పట్టుకొచ్చాడు.

"మేట్, మా ఇంట్లో ఈయన గురించి చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. పారేయడానికి మనసొప్పలేదు."

"ఇలా ఇవ్వు," అన్నాను. "నాకు తెలుసు."

ఇప్పుడతను మా హాల్లో, మా ఆవిడ పక్కన ఉన్నాడు. వచ్చినవాళ్ళు మీ బంధువా అని అడుగుతారు. ఔనంటాను. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి ఎండ అతని మీద పడుతుంది. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు, కళ్ళు చిట్లించి నవ్వుతుంటాడు.