లిఫ్టక్క సంతకం

"...మనసు శాంతిగా ఉంది కదా అని సంతకం పెట్టేశాను తమ్ముడూ. నేను చేసిన బుద్ధితక్కువ పని అదీ," అంటోంది లిఫ్టక్క.

ఐదంతస్తుల ఆసుపత్రి నెత్తిన ఉన్న మోటారు గదిలో, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉంది. యాభై ఆరేళ్ల మనిషి. లిఫ్టులు బాగుచెయ్యడంలో ముప్పై ఏళ్లు గడిపింది. అసలు పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందో లేదో, ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న నాకే అనుమానం.

ఈ పనిలోకి రాకముందు ఒక సర్దార్జీ దగ్గర మోటార్లకు రాగితీగ చుట్టేది. చుట్ల లెక్క తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ఈవిడకి రోజూ తప్పేది. పెద్దాయనకి ఒక్కనాడూ తప్పలేదు. పనిలో కూర్చునే ముందు ఆయన పావుగంట కళ్ళు మూసుకునేవాడు, పెదాలు మాత్రం కదిలేవి. అడిగితే నేర్పాడు. ఊపిరి పీలుస్తూ 'వాహె', వదులుతూ 'గురు'. వాళ్ళ దేవుడి పేరట.

"సిమ్రన్ అంటే మీ స్మరణే బిడ్డా. మనసు ఎటో పోతుంది. తిట్టకు. చెయ్యి పట్టుకుని తీసుకురా."

అప్పట్నించీ ఏ లిఫ్టు ముట్టుకోవాలన్నా ముందు పావుగంట కూర్చుంటుంది. ఆరేళ్ల కిందట ఒకరోజు అలా కూర్చుని లేచాక మనసు ఎంత నిమ్మళంగా ఉందంటే, లిఫ్టు కూడా బాగున్నట్టే అనుకుంది. బ్రేకు పరీక్ష మానేసి, లిఫ్టు నడపొచ్చని రాసిచ్చే కాగితం మీద సంతకం గీకేసింది. వారం తిరక్కుండా ఆ లిఫ్టు అర అంతస్తు జారింది. లోపలున్న ఒక పెద్దావిడ మణికట్టు విరిగింది.

"మీ మంత్రం నన్ను నిలువునా ముంచిందని సర్దార్జీ దగ్గరికెళ్ళి ఏడ్చాను. ఆయన కోప్పడలేదు. 'శాంతి నీది, బ్రేకు లిఫ్టుది. రెండూ కలిపేశావు. నామం నీ చెవిలో గులిమి తీస్తుందే గానీ, లిఫ్టు తరఫున మాట్లాడదు. ముందు విను, తర్వాత వెళ్ళి చూడు,' అన్నాడు."

ఇవాళా అదే సంతకం దగ్గర ఆగింది. పొద్దున్నుంచి బ్రేకు, తలుపులు రెండేసి సార్లు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా కలం తియ్యబుద్ధి కాలేదు. మధ్యాహ్నంలోగా తేల్చకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానని మేనేజరు తెగేసి చెప్పాడు. ఆ ప్రమాదం తర్వాత ఆమెను మళ్ళీ నమ్మింది ఈ ఒక్క ఆసుపత్రే.

ఆవిడ కళ్ళు మూసుకుంది, నేను నోరు మూసుకున్నాను. కింద ఎక్కడో మంచం ఈడ్చిన చప్పుడు. కాసేపటికి మేనేజరు గుమ్మంలో నిలబడ్డాడు.

"జపం అయిందా అక్కా? దేవుడు సంతకం పెట్టమన్నాడా?"

"తుడవమన్నాడు," అంటూ లేచింది.

పొద్దున లిఫ్టును పైనుంచి ఒక్కో అంతస్తులో ఆపుతూ, ఈ గదిలోంచి దిగే ఇనుప తాళ్ళను పాతగుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. తెగిన తీగ ఉంటే గుడ్డకి తగులుకుంటుంది. మూడో అంతస్తు దగ్గర ఆపగానే ఫోను మోగింది. అయిందా, అయిందా అంటూ ఈ మేనేజరే. మాట్లాడి వచ్చి, మూడోది అయిందనుకుని రెండో అంతస్తు నుంచి మొదలెట్టింది. మధ్యలో వదిలేసిన ఆ తుడుపు ఇందాక కళ్ళు మూసుకున్నప్పుడు గుర్తొచ్చిందట.

లిఫ్టును మూడు దగ్గర ఆపి, కరెంటు తీసేసి, తాడు చుట్టూ గుడ్డ పట్టి మెల్లగా జరిపింది. మొదటి తాడు మీద గుడ్డ నున్నగా జారింది. రెండో తాడు దగ్గర గుడ్డ చిక్కుకుంది. వేలెడు మేర ఆరు తీగలు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి.

మేనేజరు గొంతు తగ్గింది. "ఇన్నాళ్ళూ నడిచింది కదక్కా. సోమవారం దాకా లాగలేదా?"

"లాగొచ్చు. లాగుతుందని నేను రాసివ్వను."

"అయితే ఇంకొకర్ని పిలవాల్సొస్తుంది."

"పిలవండి. వాళ్ళొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. ఈ గుడ్డ వాళ్ళకీ చూపించాలి."

కాగితం మోకాలి మీద పెట్టుకుని 'తాడు మార్చేవరకు నడపరాదు' అని రాసి, కింద పొడుగ్గా సంతకం పెట్టింది. మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని ఫోను తీశాడు.

లిఫ్టక్క నా వైపు తిరిగింది. "నువ్వు మెట్ల మీద దిగు తమ్ముడూ. మూడో అంతస్తులో నడవలేనివాళ్ళు ఉంటారు. ఇవాళ కిందికి వెళ్ళాల్సినవాళ్ళు ఎందరో నర్సమ్మని అడిగి, మొయ్యడానికి నలుగుర్ని పోగెయ్యి. అందులో నువ్వూ ఒకడివి."