తోడల్లుడి తుపాకీ మరమ్మతు

మొన్న ఆదివారం సింగపూర్‌లో, టాంపినీస్‌లోని మా ఫ్లాట్‌లో స్టోర్ రూము ఖాళీ చేస్తుంటే, పాత బిస్కెట్ డబ్బాలోంచి చిటికెనవేలంత స్ప్రింగు ఒకటి బయటపడింది. "ఇదేంటి నాన్నా? పారేయొచ్చు లా!" అంది మా అమ్మాయి, మాట చివర ఈ ఊరి 'లా' తగిలించి. వద్దని జేబులో వేసుకున్నాను. దాన్ని చూడగానే మా తోడల్లుడు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. కంప్యూటరు ముక్కలు నాలుగు వచ్చిన ప్రతివాడికీ విమానం టిక్కెట్టు దొరికిన రోజుల్లో సింగపూర్ వచ్చి, ఇల్లు దొరికేదాకా అంటూ మా ఇంట్లో దిగి, భార్యతో సహా పదకొండు నెలలు ఉన్నాడు. పది వరసల కోడ్ రాసినవాడికి లోకంలో ప్రతి వస్తువూ లొంగుతుందని అతని నమ్మకం. మా మిక్సీని బాగుచేసి మూగదాన్ని చేశాడు. గోడ గడియారాన్ని బాగుచేసి వెనక్కి నడిపించాడు. అయినా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. టపాకాయ కాలిస్తేనే నేరమైన ఈ దేశానికి, నాలుగేళ్ళ మా అమ్మాయి దీపావళి ముచ్చట కోసమని, రీలు పెట్టి పేల్చే బొమ్మ పిస్తోలును ఆవకాయ జాడీల మధ్య దాచి తెచ్చిన ఘనుడూ అతనే. పెట్టెలో నలిగి దాని స్ప్రింగు జారింది. మీట నొక్కితే కిచకిచమనడమే తప్ప పేలేది కాదు. పీడా పోయిందని మేం సంతోషిస్తే, అతను పౌరుషానికి పోయాడు.

ఇంటర్నెట్‌లో వెతికి, మొదటిసారి పిస్తోలు బాగుచేసేవాళ్ళ కోసం ఎవరో రాసిన ముప్ఫై పేజీల పాఠం పట్టాడు. అది నిజం పిస్తోలుది. ఆ మాటే నేనంటే, "మెకానిజం అంతా ఒకటే అన్నయ్యా, లాజిక్ ముఖ్యం" అన్నాడు. శుక్రవారం సాయంత్రం దాన్ని ఆఫీసు ప్రింటర్‌కి పంపితే కాగితం ఇరుక్కుందట. పక్క ప్రింటర్‌లో మళ్ళీ తీసుకుని ఇంటికొచ్చేశాడు. మా ఇంట్లో అన్నీ విప్పే మొనగాడికి ఆఫీసు ప్రింటర్ మూత తెరవడం నామోషీ.

మర్నాడు మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీద పిస్తోలు విప్పి పరిచాడు. కొసనున్న ఎర్ర ప్లాస్టిక్ ఊడబీకి, నల్లరంగు పూసి, అచ్చం నిజందానిలాగే ఉందని మురిసిపోతుండగా తలుపు కొట్టారు. బుకిట్ పంజాంగ్ నుంచి ద్వీపం ఈ కొసకి బస్సూ రైలూ మారి వచ్చిన వాళ్ళ ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆంటీ. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. ముత్తాతల నాటి తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడేది. ఆ యాసను అనుకరించడం మా ఇంట్లో అతని రోజువారీ వినోదం. ఆవిడ సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. ఆ ఉదయం ఆఫీసుకెళ్ళి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగగానే, అతని పేరున్న పై కాగితంతో సహా ముప్ఫై పేజీలూ బయటికొచ్చాయట.

"ఏటి బాబూ ఇది? తుపాకీ రిపేరా? బాస్ చూసుంటే పోలీసుకే ఫోను. నీ వర్క్ పాసు హబిస్ లా, అయిపోయుండును! కడుపుతో ఉన్న పిల్లని తీసుకుని ఎక్కడికెల్తావు?"

మా మరదలికి అప్పుడు ఏడో నెల. ఆంటీ వంటింట్లోకి నడిచి, కాగితాలు చింపి, బొమ్మను మా పచ్చడిబండతో నుగ్గునుగ్గు చేసి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయింది. బల్ల కిందికి దొర్లిన స్ప్రింగు ఒక్కటే మిగిలింది.

అతని ఉద్యోగం నిలిచింది. పాసిర్ రిస్‌లో ఇల్లు దొరికింది, బిడ్డ పుట్టింది. బారసాలకి ఆంటీని పిలవలేదు. పైగా భోజనాల దగ్గర "ఏటి బాబూ" అంటూ ఆవిడ గొంతుతో ఆ కథంతా నటించి చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆంటీ పోయి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ అతన్ని తిట్టుకుంటూ హాయిగా గడిపేశాను. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నానని ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.