మిద్దె మీద మామ, టీవీలో గిటార్

ఇప్పుడు వేలితో తాకితే చాలు, ఏ దేశపు పాటైనా కళ్లముందు వాలుతోంది గానీ, డెబ్బైల చివర్లో, నేను అరబ్బు దేశం వెళ్లి, అల్ సువైక్‌లో ఒక కంపెనీలో హెల్పర్ ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తలో, పాటను చూడటమంటే పెద్ద యజ్ఞమే. మా క్యాంపులో కలర్ టీవీ దిగింది. శుక్రవారం సాయంత్రం ఇంగ్లీషు పాటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాడే కార్యక్రమం ఉందని తెలిశాక, నాకు డ్యూటీ మీద ధ్యాసే లేదు. (కాకినాడలో రేడియోకి చెవి ఆనించి, ఆ గిటార్లు మోగించే మనుషులెలా ఉంటారో ఊహించుకుంటూ పెరిగినవాణ్ని.) తీరా ఆ వేళకి గాలి లేచింది. యాంటెన్నా గొట్టాన్ని ఎవరో ఒకరు మిద్దెక్కి పట్టుకోకపోతే బొమ్మ నిలవదు. కరెంటు పనివాణ్ని నేనే కదా, అందరూ నావైపే చూశారు.

గొట్టాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను. కింద డ్రమ్ములు దద్దరిల్లుతున్నాయి. "ఏం కనిపిస్తోందిరా?" అని అరిస్తే, "జుట్టు నడుం దాక ఉంది, ఆడామెనో మొగోడో తెలుస్తలేదు!" అని జవాబు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో మా రూమ్‌లో అందరికన్నా పెద్దవాడు, జగిత్యాల వైపు మనిషి, మేస్త్రీ మామ నిచ్చెనెక్కి వచ్చాడు. "దిగు బిడ్డా. ఆ కేకలు నాకేం సమజైతయి? నువ్వు పొయ్యి సూడు" అని గొట్టం అందుకున్నాడు.

ఒక్క పరుగున దిగాను. ఎర్రచొక్కా మనిషి మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని గిటార్ వాయిస్తున్నాడు. వినడం వేరు, ఆ వేళ్లు తీగల మీద పరుగెత్తడం చూడటం వేరు. పాట చివర అతను లేచి, గిటార్‌ని నేలకేసి కొట్టాడు. "అయ్యో! వాని అర్బాబ్ ఊకుంటడా?" అని మా వంటాయన గుండె పట్టుకున్నాడు. (అర్బాబ్ అంటే మాకు యజమాని.)

తర్వాతి పాటకు బొమ్మే దరువుకు తగ్గట్టు ఎగరడం మొదలుపెట్టింది. బయటికి ఉరికి చూస్తే, మిద్దె మీద మామ లుంగీ ఎగ్గట్టి, గొట్టం వదలకుండానే చిందేస్తున్నాడు!

"మామా, కదలకు!"

"నేనేడ కదులుతున్న బిడ్డా? కాళ్లే కదులుతున్నయ్!"

మిగతా పాటలు ఎవరు పాడారో నాకు ఈనాటికీ తెలియదు. లోపల అందరూ బొమ్మ పోయిందని తిడుతుంటే, అంత పెద్ద పాటగాళ్లను టీవీలో వదిలేసి, ఇసుకలో నిలబడి నోరు తెరుచుకుని మామకు చప్పట్లు కొట్టిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి మీద కాస్త అసూయ కూడా.