కళ్ళజోళ్ళావిడ బండికి పెట్టె

కొండ మీది పదిహేను ఊళ్ళలో ఆమెను అందరూ కళ్ళజోళ్ళావిడ అనే అంటారు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. ఎత్తు అంతంతమాత్రం, బండి మాత్రం రాళ్ళదారిని లెక్కచేయని పెద్ద అడ్వెంచర్ బైకు. కంటిపరీక్ష అద్దాల పేటికను సంచిలో పెట్టి వీపున వేసుకుని, ఊరూరా తిరిగి చూపు చూసి, జోళ్ళు చేసిస్తుంది. పదకొండేళ్ళు ఆ సంచి మోసి మోసి మెడ పట్టేసింది. "ఇంకా వీపున మోస్తానంటే నా దగ్గరికి రావద్దు" అని డాక్టరు తెగేసి చెప్పాక, బండి వెనక బిగించే అల్యూమినియం టాప్ బాక్స్ తెప్పించుకుంది.

ఆదివారం పొద్దున్నే వసారాలో పనికి దిగింది. అత్తగారు ఎదురుగా స్టూలు వేసుకుంది. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు నీటిపంపుల ఫ్యాక్టరీలో నట్లూ బోల్టులూ బిగించిన మనిషి. రిటైరై ఆరేళ్ళయింది. ఇంట్లో ఏ తలుపైనా కిర్రుమంటే చాలు, ఆవిడకు ప్రాణం లేచొస్తుంది.

పెట్టె అడుగు పలకకున్న రంధ్రాలు, బండి కారియర్ రంధ్రాలకు వేలెడు దూరంలో నిలిచాయి. కోడలు తీగచుట్ట అందుకుంది.

"ఏంటమ్మాయ్ అది?"

"తీగతో కట్టేస్తాను అత్తయ్యా. గట్టిగానే ఉంటుంది."

"రెండో మలుపు దాకా ఉంటుంది. తర్వాత నువ్వో దారి, నీ పెట్టో దారి. ఆ డ్రిల్లు ఇలా తే."

ఆవిడే సుద్దముక్కతో గుర్తులు పెట్టి నాలుగు కొత్త రంధ్రాలు వేసింది. ఆకురాయితో అంచులు నున్నగా రుద్దింది. రబ్బరు వాషర్లు వేసి స్పానరు కోడలి చేతికిచ్చింది. "నాలుగూ కొంచెం కొంచెంగా తిప్పు. ఒకదాని పీకే నొక్కావంటే మిగతా మూడూ అలుగుతాయి."

పని అయిందనుకుని కోడలు అలవాటుకొద్దీ కాలు వెనకనుంచి తిప్పి బండెక్కబోయింది. మడమ పెట్టెకు ఠంగుమని తగిలి, కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయింది.

"అలాగే ఉండు, ఫోటో తీస్తాను" అంది అత్తగారు నింపాదిగా.

మోకాలు ముడిచి సీటు మీదుగా కాలు దూర్చడం నాలుగోసారికి పట్టుబడింది. పేటికను పెట్టెలో పెట్టి వీధి చుట్టి వచ్చింది. వెనక బరువుకు ముందుచక్రం తేలిపోతోందని, హ్యాండిల్ ఊగుతోందని భయం భయంగా చెప్పింది. పొద్దుటి పనంతా వృథా అయిందని అత్తగారు విసుక్కుంటుందనుకుంది. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది. "అయితే మళ్ళీ ఊడదీయాల్సిందే" అంటూ స్టూలు దగ్గరికి జరుపుకుంది.

మధ్యాహ్నానికి పెట్టె నాలుగు వేళ్ళు ముందుకు జరిగింది. అద్దాలు గలగలమనకుండా అడుగున పాత దుప్పటి ముక్క పరిచారు.

"వెనక మనిషికి చోటు మిగిలిందో లేదో చూడాలిగా" అంటూ అత్తగారు కొడుకు హెల్మెట్ తగిలించుకుని, స్టూలు మీదనుంచి బండెక్కి, పెట్టెకు వీపు ఆనించింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"కదిలితే కదా తెలిసేది."

కోడలు మోకాలు ముడిచి ముందు సీటెక్కింది. ఆరేళ్ళుగా తను రోజూ ఇల్లు దాటి వెళ్ళిపోతుంటే ఈవిడ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఏనాడూ వస్తానని అడగలేదు, తనూ రమ్మని పిలవలేదు. బండి స్టార్ట్ చేసి వీధి చివర ఆగకుండా కొండదారి పట్టింది.

మొదటి ఊళ్ళో వడ్రంగికి కొత్త జోడు ఇవ్వాల్సి ఉంది. కోడలు అతని చూపు సరిచూస్తుండగా అత్తగారు అతని పాత జోడు తీసుకుని, వదులైన స్క్రూలు బిగించి పక్కన పెట్టింది. అది చూసి పక్కింటావిడ తన జోడు తెచ్చింది. కాసేపట్లో పదిమంది చేరారు.

దిగి వచ్చేటప్పుడు వెనకనుంచి అరిచినట్టే అడిగింది అత్తగారు. "రేపు ఏ ఊరు?"

"రేపు చాలా దూరం అత్తయ్యా. తొమ్మిదికల్లా బయల్దేరాలి."

"ఎనిమిదిన్నరకే తయారుగా ఉంటాను."

ఇప్పుడు వాళ్ళు ఎక్కడ ఆగినా, చూపు మందగించినవాళ్ళు ఒక వరసలో, స్క్రూలు ఊడినవాళ్ళు ఒక వరసలో కూర్చుంటారు. రెండో వరసే పొడుగ్గా ఉంటుందని అత్తగారి లెక్క. కోడలు ఆ మాటకు ఎదురుచెప్పదు.