నిలువు పట్టీల సీట్లు

దెసొలీనా జిబెల్లీని ముప్ఫై ఒక్క ఏళ్లు మోదెనా శివార్లలోని కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టింది. ఇరవై రెండేళ్ల పిల్లగా కుట్టు షెడ్డులో అడుగుపెట్టి, కుట్టు వంకర పోయిందని మేస్త్రీ చేత ఒక్కసారైనా అనిపించుకోకుండా బయటికొచ్చిన మనిషి. సీటు తోలు మీద ఉబ్బెత్తుగా పన్నెండు పట్టీలు కుట్టాలంటే పన్నెండూ ఒకే లావు. స్కేలు పెట్టి చూసేవాళ్లే సిగ్గుపడేవారు.

ఇప్పుడావిడకు డెబ్బై ఎనిమిది. భర్త ఒరెస్తె పోయాక మా భవనం మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా, లోవాకిలి అవతల, అర్జియా బోర్తొలమాజి కిటికీ కనిపిస్తుంది. అర్జియా కూడా ఆ షెడ్డులోనే, పక్క బల్ల మీద కుట్టింది. మంచి కుట్టే గానీ, నోరు నడిచినంత సేపూ చెయ్యి ఎటు పోతోందో చూసుకునే అలవాటు లేదు. ఈ వసంతం నుంచి ఆ కిటికీ దెసొలీనాకు కంట్లో నలుసై కూర్చుంది.

కారణం ఒక కారు. డెబ్బై ఒకటిలో తయారైన నారింజ రంగు బండి. ఆ రకం బండ్లు ఫ్యాక్టరీ మొత్తం నాలుగొందలు చేసింది. కొనేవాళ్లు కోరినట్టు మార్పులు చేసి ఇచ్చేవాళ్లు. ఒకాయన రేడియో వద్దన్నాడు, ఇంకొకాయన సామాన్ల పెట్టెకు కూడా సీటు తోలే వేయించుకున్నాడు. అప్పట్లో అవి డబ్బున్నవాళ్ల చాదస్తాలు. ఇప్పుడు వాటికే వెల. ఎంత తక్కువమంది కోరుకుంటే అంత ఎక్కువ ధర. ఈ నారింజ బండి సీట్లకు పట్టీలు అడ్డంగా కాక నిలువుగా ఉన్నాయి. లోకం మొత్తం మీద అలాంటిది అదొక్కటే. కుట్టింది అర్జియా.

సెప్టెంబరులో వేలం. ఏప్రిల్ నుంచే మనుషులు రావడం మొదలైంది. జ్యూరిక్ నుంచి ఒకడు, ఆంట్వెర్ప్ నుంచి ఇద్దరు. అర్జియా చేతులకు ఫోటోలు తీశారు, ఒట్టి చేతులకు! దెసొలీనా తెర చాటున నిలబడి ఎవరొచ్చారో, ఏం పట్టుకొచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో చూసేది. జ్యూరిక్ వాడు తెచ్చిన చాక్లెట్ల పెట్టె పట్టుకుని అర్జియా ఇంటింటికీ తిరిగి తలా ఒకటి ఇచ్చింది. దెసొలీనా తన చాక్లెట్‌ను చెత్తబుట్టలో పడేసింది. పావుగంట అయ్యాక తీసి తినేసింది. చాలా బాగుంది. దాంతో ఇంకా మండింది.

బార్‌లో పొద్దుటి కాఫీ దగ్గర అర్జియా కథ రోజుకో మెట్టు ఎక్కేది.

"తూరినో నుంచి దొరగారు వచ్చి, 'నా సీట్లు అర్జియాయే కుట్టాలి' అని నా పేరు పెట్టి అడిగాడే!"

"మే నెలలో ఆయన ఇంజనీరు కదే, దొర ఎప్పుడయ్యాడు?" అంది దెసొలీనా కప్పులోకి చూస్తూ. "వచ్చే నెలకి రాజును చేసేస్తావా?"

"నీకు కుళ్లే!"

"నాకెందుకే కుళ్లు? నేను కుట్టినవి నాలుగొందల్లో సగం."

"అదే మరి. సగం ఉంటే ఎవడికి కావాలి?"

బార్ అంతా నవ్వింది. దెసొలీనా కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేసింది.

ఆవిడ కడుపుమంటకు ఇంకో కారణం ఉంది. అర్జియా, తను తప్ప అది తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఏ దొరా నిలువు పట్టీలు కోరలేదు. ఆగస్టు సెలవులకు ఫ్యాక్టరీ మూతపడే ముందు ఆఖరి వారం, అర్జియా తన చెల్లెలి పెళ్లి కబుర్లు చెప్పుకుంటూ తోలును తప్పు వైపుకు తిప్పి కోసేసింది, అడ్డంగా రావాల్సిన పట్టీలు నిలువుగా వచ్చాయి. ఆ రంగు తోలు ఇక లేదు. మళ్లీ రావాలంటే సెప్టెంబరే. కొన్నాయన సెలవులకు బండి కావాలని కూర్చున్నాడు. మేస్త్రీ చూస్తే అర్జియా ఉద్యోగం ఆ పూటే పోయేది. అర్జియా బల్ల కింద కూర్చుని ఏడుస్తుంటే, దెసొలీనాయే ఆఫీసుకు వెళ్లి, టైపు చేసే ఇవొన్నెను బతిమాలి, ఆర్డరు కాగితం మీద "కొనుగోలుదారు ప్రత్యేక కోరిక మేరకు నిలువు పట్టీలు" అని ఒక వరుస కొట్టించింది. బండి తీసుకున్నాయన అసలు గమనించనే లేదు.

అంటే ఇప్పుడు కోట్లు పలికే ఆ వరుస దెసొలీనా పెట్టించిందే. ఆ సంగతి బయటపెట్టాలంటే తను అబద్ధం రాయించానని ఒప్పుకోవాలి.

జూలైలో వేలం వాళ్ల తరఫున పాత బండ్లు పరీక్ష చేసే మలాగోలి, అందరూ గౌరవంగా 'డొట్టోరె' అని పిలిచే పెద్దమనిషి, దెసొలీనా తలుపు తట్టాడు. షెడ్డులో పనిచేసినవాళ్లలో వీళ్లిద్దరే మిగిలారు, రెండో సాక్షి కావాలన్నాడు. ఆవిడ వాల్‌నట్ లిక్కరు పోసి ఎదురుగా కూర్చుంది.

"సిన్యోరా, ఒక్క మాట చాలు. ఆ పట్టీలు ఆర్డరు మీద వేసినవేనా?"

అవునంటే చాలు, అర్జియా మహారాణి. కాదంటే మొత్తం కూలుతుంది. ఎదురు కిటికీలో అర్జియా జెరేనియం మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపించింది. నీళ్లు కుండీ నిండి కింద కారుతున్నాయి. ఆవిడ కళ్లు మాత్రం ఇటే.

"కాదు," అంది దెసొలీనా. "తప్పు. అర్జియా తోలు తప్పు వైపుకు తిప్పి కోసింది. కాగితం మీద అబద్ధం నేను కొట్టించాను. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. తర్వాత తల ఎత్తి, "బండి ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు సీట్లు అలాగే ఉన్నాయా?" అన్నాడు.

"అలాగే ఉన్నాయి. మరి మార్చడానికి తోలేదీ?"

"అయితే సరిపోయింది సిన్యోరా! కోరికైతే రేపు ఇంకొకడు కూడా కోరాడని ఎక్కడో తేలొచ్చు. తప్పు మాత్రం మళ్లీ జరగదు. ఇది ఇంకా అరుదు." ఆయన ముఖం వెలిగిపోతోంది.

దెసొలీనా లిక్కరు సీసాకు మూత బిగించింది. "మరి నేను కుట్టినవి?" అని అడిగింది.

"అవి చూసేగా సిన్యోరా, ఇది వేరని మాకు తెలిసేది."

"అయితే నేను స్కేలునన్నమాట," అందావిడ. "స్కేలుకు ఎవడూ ఫోటో తీయడు."

ఆయన వెళ్లిన పది నిమిషాలకు అర్జియా చెప్పులు లేకుండా మెట్లెక్కి వచ్చింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను. ఇంకా ధర పెరుగుతుందట. పో, పండగ చేసుకో."

అర్జియా అక్కడే కుర్చీలో కూలబడింది. "ఏప్రిల్ నుంచి నిద్ర లేదే నాకు. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని."

"మరి రోజూ ఆ దొర కథ ఎందుకే?"

"నువ్వు కాఫీ వదిలేసి పోతుంటే చూడ్డానికి," అంది అర్జియా. "అన్నేళ్లు మేస్త్రీ నిన్ను చూపించి నన్ను తిట్టాడు. 'దెసొలీనాను చూసి నేర్చుకో' అని. ఒక్క వసంతమన్నా నాది కావద్దా?"

తనను చూసి ఎవరైనా కుళ్లుకునేవారని దెసొలీనాకు అంతవరకూ తట్టలేదు. ఆ మాట లోపల తియ్యగా దిగింది. బయటికి మాత్రం మొహం ముడుచుకునే ఉంది.

వేలం రోజున ఇద్దరికీ పిలుపొచ్చింది. ఫోటో కోసం ఇద్దర్నీ బండిలో కూర్చోమన్నారు. స్టీరింగు వెనక సీటు అర్జియాకు ఇచ్చారు, పక్క సీటు దెసొలీనాకు. నేలకు జానెడెత్తున ఉన్న ఆ సీట్లలోకి దిగడానికి ఇద్దరికీ చెరో మనిషి సాయం పట్టాడు.

దెసొలీనా వెనక్కి వాలింది. పట్టీలు వెన్నుకు రెండు వైపులా నిలువుగా ఆనుకుని, నడుమును చేతులతో పట్టుకున్నట్టు నిలబెట్టాయి. తను కుట్టిన అడ్డ పట్టీలు ఎప్పుడూ ఇలా ఆనలేదు. తొడ కింద చెయ్యి పెట్టి రహస్యంగా కుట్టు తడిమింది. దారం ఇంకా బిగుతుగానే ఉంది.

"ఎలా ఉందే?" అంది అర్జియా, కెమెరా వైపు నవ్వుతూనే.

"నడుం విరిగిపోతోంది," అంది దెసొలీనా.

ఫోటో తీయడం అయిపోయింది. అర్జియా దిగిపోయింది. దెసొలీనాను లేపడానికి వచ్చిన మనిషితో ఆవిడ, పట్టీలకు ఇంకాస్త ఆనుకుంటూ, కాలు తిమ్మిరెక్కింది, కాసేపు ఆగు నాయనా, అంది.